ఇమేజ్‌లోని వెలుగు చుక్కకి గంట ఆకారపు గాసియన్ ఫార్ములాని సరిపెట్టే ఫిట్‌లో, వెడల్పు కొలత అయిన సిగ్మా-ఎక్స్ అంటే ఇమేజ్‌లో అడ్డం వెడల్పేనా?

థీటా, అంటే చుక్క వాలిన కోణం, సున్నా అయితేనే. మీ ఫిట్‌లో సిగ్మా-ఎక్స్ 4, సిగ్మా-వై మైనస్ 2, థీటా 0.52 వచ్చాయి. 4ని 2.355తో గుణించి, సగం ఎత్తు దగ్గర వెడల్పు 9.4 పిక్సెళ్లు ఉండాలనుకున్నారు. మధ్య వరుస ప్రొఫైల్‌లో (ఆ వరుస పిక్సెళ్ల వెలుతురు గ్రాఫ్‌లో) చూస్తే 7 పిక్సెళ్లే ఉంది. ఫిట్ తప్పు కాదు. ఆ 4 చుక్క పొడుగు అక్షం వెంట ఉన్న సిగ్మా, ఆ అక్షం 0.52 రేడియన్లు, అంటే 30 డిగ్రీలు, వాలి ఉంది.

మధ్యలోంచి అడ్డంగా వెళ్లే ఒక్క వరుసకి సిగ్మా కావాలంటే, కొసైన్ వర్గాన్ని 16తోనూ సైన్ వర్గాన్ని 4తోనూ భాగించి కూడండి: 0.109. దాన్ని తిరగేసి వర్గమూలం తీస్తే 3.02, సగం ఎత్తు వెడల్పు 7.1. మీరు చూసింది ఇదే. అన్ని వరుసల్నీ కూడి ప్రొఫైల్ గీస్తే మాత్రం లెక్క మారుతుంది: 16×0.75 + 4×0.25 = 13, సిగ్మా 3.61. ఏ వెడల్పు ఇస్తున్నారో రిపోర్టులో తప్పకుండా రాయండి.

మైనస్ గురించి కంగారు అక్కర్లేదు. ఫార్ములాలో సిగ్మా వర్గంగానే వస్తుంది, గుర్తు తీసేయండి. సిగ్మాలు రెండూ తారుమారై థీటాకి 90 డిగ్రీలు కలిసినా అదే చుక్క. అందుకే చాలా చుక్కల్ని పోల్చేటప్పుడు పెద్దదాన్ని ఎప్పుడూ ముందు పెట్టుకోండి. రెండూ దాదాపు సమానమైతే థీటాకి అర్థమే లేదు. ఇమేజ్‌లో వరుస సంఖ్యలు పైనుంచి కిందికి పెరుగుతాయి కాబట్టి, కోణం తెరమీద తిరగబడి కనిపించవచ్చు.

వేరే సాఫ్ట్‌వేర్ అంకెలతో పోల్చే ముందు వాళ్ల గాసియన్ ఫార్ములా ఘాతంలో ఏముందో చూడండి. మ్యాట్‌ల్యాబ్ కర్వ్ ఫిట్టింగ్‌లోని గాస్ మోడల్‌లో హారంలో 2 ఉండదు, అక్కడ వెడల్పుకి వాడే సి అంటే రూట్ 2 రెట్ల సిగ్మా. లేజర్ వాళ్లు చెప్పే బీమ్ వ్యాసార్థం 2 సిగ్మాలు.

మైక్రాన్లలోకి మార్చేటప్పుడు కెమెరా పిక్సెల్ సైజుని మ్యాగ్నిఫికేషన్‌తో భాగించండి: 6.5 మైక్రాన్లు, 100 రెట్లయితే పిక్సెల్‌కి 65 నానోమీటర్లు. సిగ్మా 1 పిక్సెల్‌ దగ్గరికి వస్తే, సిగ్మా వర్గంలోంచి 1/12 తీసేయండి. పిక్సెల్ తన వెడల్పు మేరకు వెలుతురుని కూడుతుంది కాబట్టి ఫిట్ ఆ మేరకు ఉబ్బుతుంది. బ్యాక్‌గ్రౌండ్ స్థిరాంకాన్ని (చుక్క వెనక అంతటా ఉండే వెలుతురుని) ఫిట్‌లో పెట్టకపోతే అంతకంటే ఎక్కువ ఉబ్బుతుంది, శాచురేట్ అయిన (గరిష్ఠ విలువ దగ్గరే ఆగిపోయిన) పిక్సెళ్లున్నా అంతే. ఆ పిక్సెళ్లని మాస్క్ చేసి (లెక్కలోంచి తప్పించి) మళ్లీ ఫిట్ చేయండి.