మాండేల్ మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

వాల్టర్ మాండేల్ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మొదటి పేజీ తిరగేసేలోపే ఆయన అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి అటార్నీ జనరల్ (అంటే రాష్ట్ర ప్రభుత్వపు పెద్ద వకీలు), సెనేటర్, అమెరికా ఉపాధ్యక్షుడు, జపాన్‌లో రాయబారి అన్నీ అయిపోయారు. రైలు కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదివినట్టుంది. ఎక్కడైనా దిగవయ్యా.

నన్నడిగితే 1962లో దిగు. ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే బీదవాడు. బిలియర్డ్స్ హాల్లో దొంగతనానికి చొరబడ్డాడని కేసు. వకీలును పెట్టుకునే స్తోమత లేదు, ఇమ్మంటే కోర్టు ఇవ్వలేదు, అయిదేళ్ల శిక్ష. జైలు నుంచే అమెరికా సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు, కోర్టు తీసుకుంది. ఫ్లోరిడా అటార్నీ జనరల్ కార్యాలయం కంగారుపడి, మాకు మద్దతివ్వండంటూ మిగతా రాష్ట్రాల అటార్నీ జనరళ్లకు ఉత్తరాలు పంపింది. మాండేల్‌కు అప్పుడు 34 ఏళ్లు. ఆయన ఎదురు తిరిగి గిడియన్ పక్షాన రాష్ట్రాలను కూడగట్టారు. బీద ముద్దాయికి వకీలునివ్వాలంటూ కోర్టుకిచ్చిన పత్రం మీద 22 రాష్ట్రాలు సంతకం చేశాయి. ఫ్లోరిడా వెంట మిగిలినవి రెండే: అలబామా, నార్త్ కరోలినా. 1963 మార్చి 18న తీర్పు ఏకగ్రీవంగా గిడియన్‌కు అనుకూలంగా వచ్చింది. ఆగస్టులో వకీలుతో మళ్లీ విచారణ జరిగితే నిర్దోషిగా బయటపడ్డాడు.

ప్రభుత్వం తరఫు వకీలు, ముద్దాయికీ వకీలు ఉండాలని వాదించడం! నువ్వు దీనికి ఒక్క వాక్యమిచ్చి, 1984 అధ్యక్ష ఎన్నికలో ఓటమికి రెండు పేజీలు ఏడ్చావు. అలాగని దండలు వేయకు. మిన్నెసోటాలో బీద ముద్దాయికి వకీలునిచ్చే ఏర్పాటు అప్పటికే ఉంది, త్యాగమేమీ కాదు. ఆ సంగతీ రాయి, అప్పుడే మనిషి నమ్మేలా కనిపిస్తాడు.

ఇంకొకటి. అటార్నీ జనరల్‌ను మన అడ్వకేట్ జనరల్‌తో కలిపేశావు. మన దగ్గర రాజ్యాంగం 165వ అధికరణం కింద అడ్వకేట్ జనరల్‌ను గవర్నర్ నియమిస్తారు. మిన్నెసోటాలో అటార్నీ జనరల్ ఓట్లడిగి గెలవాలి. మాండేల్ 1960లో గవర్నర్ నియామకంతో వచ్చినా, ఆ ఏడే ఎన్నికలో నిలబడక తప్పలేదు. ఓట్ల భయం ఉన్నవాడు దొంగతనం కేసు ముద్దాయి కోసం సంతకం పెట్టాడంటే దాని రుచి వేరు.

గిడియన్ అర్జీ నకలు సంపాదించు. కాగితం పైన జైలు ఉత్తరాల నిబంధనలు అచ్చువేసి ఉంటాయి. వాటి కింద, గీతల మధ్య, పెన్సిలు అక్షరాలు. అక్కడ మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈసారి కాగితం మీదే పంపు, ఫోనులో చదివితే కళ్లు మండుతున్నాయి.