గుమ్మడి పాదుకు పోసే నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి?

20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరిపోతుంది. అంటే చెయ్యి పెడితే జిల్లుమనకూడదు, చురుక్కుమనకూడదు. నిజానికి పాదుకు ముఖ్యం నీళ్ల వేడి కాదు, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి వేడి. గుమ్మడి వెచ్చదనం కోరే తీగ. మట్టి 15 డిగ్రీల కన్నా చల్లబడితే గింజ మొలవడం కష్టం, కుళ్లిపోనూవచ్చు. వేళ్లు నీటిని పీల్చడమూ మందగిస్తుంది. బోరు నీళ్లు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి మన దగ్గర చలికాలంలోనూ కాచి పోయాల్సిన పనిలేదు.

చిక్కంతా ఎండాకాలంలోనే. మే నెల మధ్యాహ్నం మేడ మీద ఎండలో పడున్న పైపు విప్పితే మొదట వచ్చేవి చెయ్యి కాలే నీళ్లు. కుండీలోని లేత వేళ్లకు అవి ప్రమాదం. వాటిని బకెట్లో పట్టి పక్కన పెట్టి, చల్లటి ధార మొదలయ్యాకే పాదుకు పెట్టండి. పొద్దున్నే పోస్తే ఈ గొడవే ఉండదు.

మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోతే పోసిన నీళ్ల వేడో చలవో పడలేదని చాలామంది అనుకుంటారు. వెడల్పాటి ఆ ఆకుల నుంచి ఆవిరయ్యేంత నీటిని వేళ్లు అప్పటికప్పుడు అందించలేవు, అంతే. ఎండ తగ్గాక అవే నిక్కుతాయి. సాయంత్రానికీ తేరుకోకపోతే మట్టిలో వేలు గుచ్చి తడి చూడండి.