నీళ్ళ మీద యోగా: ఊగేది మీరా, బోర్డా?

ప్రశ్న: చాలాకాలంగా ఇంట్లో మ్యాట్ మీద యోగా చేస్తున్నాను. ఈమధ్య స్టాండప్ ప్యాడిల్ బోర్డు (నీళ్ళ మీద నిలబడి తెడ్డుతో నడిపే పొడవాటి బోర్డు) మీద యోగా నేర్పే క్లాసులో చేరాను. అధోముఖ శ్వానాసనం బాగానే వస్తోంది కానీ వీరభద్రాసనంలోకి లేచేసరికి కాళ్ళు వణికిపోతున్నాయి, అందరి ముందూ నీళ్ళలో పడ్డాను కూడా. నా బ్యాలెన్స్ మరీ ఇంత అధ్వాన్నమా?

జవాబు: మీ బ్యాలెన్స్‌కి ఏమీ కాలేదండీ, టెన్షన్ పడకండి. యోగాకి వాడే బోర్డులు సాధారణంగా 10, 11 అడుగుల పొడవుంటాయి, వెడల్పు మాత్రం 32 నుంచి 36 అంగుళాలే. అందుకని ముందుకీ వెనక్కీ అంత తేలిగ్గా తూగదు, పక్కకి మాత్రం ఇట్టే ఒరిగిపోతుంది. అధోముఖ శ్వానాసనంలో రెండు చేతులూ రెండు కాళ్ళూ బోర్డు పొడవునా పరుచుకుని ఉంటాయి, బరువు నాలుగు చోట్ల పడుతుంది, కాబట్టి అది ఇంట్లో చేసినట్టే ఉంటుంది. వీరభద్రాసనం రెండో భంగిమలో పాదాలు రెండూ ఒకదాని వెనక ఒకటి నడిమి గీత మీదకి వచ్చేస్తాయి, మీ ఛాతీ పక్కకి తిరిగి ఉంటుంది, దానికి తోడు బరువంతా పైకి లేస్తుంది. ఇక మీరు మునివేళ్ళ మీదకో మడమల మీదకో కాస్త వాలినా బోర్డు ఒరిగేది పక్కకే.

అందుకని కాళ్ళ మధ్య దూరం మ్యాట్ మీదకంటే తగ్గించండి, పాదాలు ఒకే గీత మీద కాకుండా ముందుది కాస్త ఇటు, వెనకది కాస్త అటు పెట్టండి. బోర్డు మధ్యలో మోసుకెళ్ళడానికి ఒక పిడి ఉంటుంది చూడండి, దాదాపుగా బరువు సరితూగే చోటు అదే, అది మీ రెండు పాదాలకీ మధ్యలో ఉండాలి. చూపు నీళ్ళ మీద పెట్టకండి, నీళ్ళు కదులుతుంటే కళ్ళూ కదులుతాయి, ఒడ్డున కదలకుండా ఉన్న దేన్నైనా చూడండి.

అసలు సంగతి ఇంకోటుంది. చాలామంది పడేది ఆసనంలో ఉన్నప్పుడు కాదు, ఒక ఆసనం నుంచి ఇంకోదానికి మారేటప్పుడు. సూర్యనమస్కారాల్లో ఒక్క ఎగురుతో కాళ్ళు వెనక్కి వేసే అలవాటు ఉంటే బోర్డు మీద దాన్ని మరిచిపోండి, ఒక్కో కాలే వెనక్కి పెట్టండి. లేచేటప్పుడు కూడా మోకాళ్ళ మీద ఒక ఊపిరి ఆగి, చేతులు బోర్డు మీదే ఉంచి, ఒక పాదం, తర్వాత రెండో పాదం. మ్యాట్ మీద మన తొందరని నేల భరిస్తుంది, నీళ్ళు భరించవు. ఇక నీళ్ళ మీద శీర్షాసనం ఫొటోల సంగతంటారా, అవి ఫొటోలకి బాగుంటాయి, మొదటి నెలల్లో మీకు వాటితో పనిలేదు.

ప్రశ్న: నాకు ఈత రాదు. నీళ్ళు ఛాతీ లోతే ఉంటాయి, ఫర్వాలేదు అంటున్నారు. వెళ్ళొచ్చా?

జవాబు: ముందు నీళ్ళలో తేలడం నేర్చుకుని వెళ్ళండి. ఛాతీ లోతు నీళ్ళలో కూడా హఠాత్తుగా పడి, ముక్కులోకి నీళ్ళు పోయి కంగారుపడితే నిలబడాలన్న సంగతే గుర్తుకురాదు. అంతవరకూ వెళ్ళాలనే ఉంటే, ఒంటికి వేసుకునే మామూలు లైఫ్ జాకెట్ వేసుకోండి. నడుముకి బెల్టులా కట్టుకుని తాడు లాగితే ఉబ్బేవి ఉంటాయి, ఆసనాలకి అవి సుఖమే కానీ ఈత రానివాళ్ళకి పనికిరావు. ఎలాగూ పడతారు కాబట్టి పడే పద్ధతి కూడా తెలియాలి: బోర్డుకి దూరంగా, వెల్లకిలానో కూర్చున్నట్టో పడాలి, లోతు లేని నీళ్ళలో తల ముందుకి పెట్టి ఎప్పుడూ దూకకూడదు.

బోర్డుని కాలికి కట్టే లీష్ వదలొద్దు, మీరు పడ్డాక గాలి బోర్డుని మీ ఈత కంటే వేగంగా తీసుకుపోగలదు. ఇది నిలకడ నీళ్ళ మాట. ప్రవాహం ఉన్నచోట అదే లీష్ కొమ్మకో రాయికో చిక్కుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, అసలు అలాంటిచోట యోగా ఎందుకు? గాలి ఒడ్డు నుంచి నీళ్ళ లోపలికి వీస్తుంటే, నీళ్ళు పైకి ఎంత ప్రశాంతంగా కనిపించినా ఆరోజు మానెయ్యండి. చిన్న లంగరు వేసుకోవడం మంచిదే కానీ, అది గట్టిగా పట్టుకుందో లేదో ఆసనాలు మొదలుపెట్టకముందే చూసుకోవాలి. మూర్ఛ, తరచూ తల తిరగడం ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వెళ్ళొద్దు.

ప్రశ్న: గాలి నింపే బోర్డు కొనాలా, గట్టి బోర్డు కొనాలా?

జవాబు: యోగాకైతే గాలి నింపేదే. మోకాళ్ళకి మెత్తగా ఉంటుంది, పడేటప్పుడు తగిలినా దెబ్బ తక్కువ. కానీ బోర్డు మీద రాసి ఉన్నంత ఒత్తిడి, చాలావాటికి 12 నుంచి 15 పీఎస్ఐ, పూర్తిగా నింపండి, చేతులు నొప్పెడుతున్నాయని 8 దగ్గర ఆపేస్తే నిలబడగానే మధ్యలో కుంగి, మీకే రాదనుకుంటారు. నిండుగా గాలి కొట్టిన బోర్డుని ఎండలో ఒడ్డున వదిలేయకండి, లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, కాస్త గాలి తీసి నీడలో పెట్టండి. పట్టు కోసం వేసే మెత్తటి ప్యాడ్ తల పెట్టేచోట నుంచి పాదాలు పెట్టేచోట దాకా ఉండాలి. సన్‌స్క్రీన్ రాసుకోండి, కానీ అరచేతులకీ అరికాళ్ళకీ మాత్రం అంటనివ్వకండి, జారుతుంది.