గంటన్నర వేరు, ఒకటిన్నర వేరు

ప్రశ్న: మా బట్టల షాపు కోసం హాజరు యాప్ రాశాను. నోడ్ జేఎస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడాను. ఎవరు ఎంతసేపు పనిచేశారో టైమ్ కాలమ్‌లో పెట్టాను. 1:30, 1:45 కూడితే 27500 వస్తోంది. రాత్రి పదికి వచ్చి ఆరింటికి వెళ్లే వాచ్‌మన్‌కు మైనస్ 16 గంటలు చూపిస్తోంది. కోడ్ పంపుతున్నా, చూడండి.
– ఒక పాఠకుడు, గుంటూరు

మళ్లీ ఇదే! హాస్టల్ యాప్, ట్యూషన్ యాప్, లారీ ట్రిప్పుల యాప్... పేర్లు మారతాయి గానీ ఆ టైమ్ కాలమ్ మాత్రం మారదు.

సమ్ చేయమంటే డేటాబేస్ 1:30:00, 1:45:00లో కోలన్లు తీసేసి 13000, 14500 కూడి మీ చేతిలో పెట్టింది. రావాల్సింది మూడుంబావు గంటలు. ‘ఒకటిన్నరకి రా’ అన్నా ‘గంటన్నర పట్టింది’ అన్నా ఒకటేనా? మొదటిది గడియారంలో ముల్లు ఉన్న చోటు, రెండోది గడిచిన కాలం. టైమ్‌ను సెకన్లుగా మార్చి కూడి, మళ్లీ టైమ్‌గా మార్చే ఫంక్షన్లు ఉన్నాయిగా అంటారేమో. ఆ టైమ్ 838:59:59 దగ్గర ఆగిపోతుంది. పదిమంది రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులు చేస్తే 2,080 గంటలు. మీ రిపోర్టు 838 చూపించి ఊరుకుంటుంది.

సెకన్లను మామూలు పూర్ణసంఖ్యగా దాచండి. కాలమ్ పేరులోనే ‘సెకన్లు’ అని ఉండాలి. గంటలు, నిమిషాలుగా మార్చడం స్క్రీన్ మీద చూపించేటప్పుడు చాలు. వాచ్‌మన్ సంగతికొస్తే, రాకపోకలు రెండూ తేదీతో సహా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో రాస్తే మైనస్ పోతుంది. రేపు డాలస్‌లో బ్రాంచి పెట్టినా ఇబ్బంది ఉండదు. అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, తెల్లవారుజామున ఒంటిగంట రెండుసార్లు వస్తుంది, ఆ రాత్రి అదే డ్యూటీ 9 గంటలు.

ఇదంతా లెక్కల గొడవ. మీ కోడ్‌లో నాకు టెన్షన్ పుట్టించింది వేరే ఉంది. లాగిన్ టోకెన్ (ఒకసారి లాగిన్ అయ్యాక ఫోన్‌కు ఇచ్చే ప్రవేశ చీటీ) గడువు 8 గంటలు అనుకుని పెట్టారు. కానీ జావాస్క్రిప్ట్ ఇచ్చే సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది, మీరు వాడిన టోకెన్ రకం జేడబ్ల్యూటీ, అది గడువును సెకన్లలో చదువుతుంది. మీరు వెయ్యితో భాగించలేదు. అంటే ఆ టోకెన్‌కు ఇంకో 55 వేల ఏళ్ల ఆయుష్షు! పని మానేసి వెళ్లిన కుర్రాడి ఫోన్లో మీ యాప్ ఇంకా తెరుచుకునే ఉంటుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ రాత్రే వెయ్యితో భాగించి, టోకెన్ అసలుదేనని సంతకం చేయడానికి సర్వర్ వాడే సీక్రెట్ కీ కూడా మార్చండి. కీ మార్చకపోతే పాత టోకెన్లు చావవు. అందరూ మళ్లీ లాగిన్ కావాలి, విసుక్కోనివ్వండి.

ఇంకొకటి, హాజరు సమయాన్ని ఫోన్ నుంచి తీసుకుంటున్నారు. సెట్టింగ్స్‌లో గడియారం గంట వెనక్కి తిప్పితే చాలు, ఆలస్యంగా వచ్చినవాడు కూడా టైముకే వచ్చినట్టు. సమయం సర్వర్ వేయాలి.

అసలు చిరాకు ఈ ఫారాలు తయారుచేసే వాళ్ల మీద. ఎంతసేపు పనిచేశారని అడుగుతూ ఏఎం, పీఎం ఎంచుకోమనే డబ్బా ఇస్తారు. గంటన్నరకు ఏఎం ఏమిటి? అది తప్పించుకోవడానికి ఇంకొందరు 7.30 అని దశాంశంలో రాయిస్తారు. రాసేవాడి మనసులో ఏడున్నర, కంప్యూటర్‌కు అది 7 గంటల 18 నిమిషాలు. రోజుకు 12 నిమిషాల చొప్పున 26 రోజులకు 5 గంటల 12 నిమిషాల జీతం ఎగిరిపోతుంది. మీ ఓవర్‌టైమ్ పేజీలో ఉన్నదీ ఆ దశాంశం డబ్బానే.