6 టిప్పర్లకు గంటకు 15 ట్రిప్పులు రావాలి, 12 దాటడం లేదు: ఏడో బండి పెట్టాలా?

మీరిచ్చిన వివరాలు: భూపాలపల్లి దగ్గర ఓబీ (బొగ్గు పైనున్న మట్టి, రాయి తీసే) పని, తవ్వి లోడు చేసే షావెల్ ఒకటి, 6 టిప్పర్లు. స్పాటింగ్ (బండిని షావెల్ పక్కన సరిగ్గా నిలపడం) ఒక నిమిషం, బకెట్లు వేయడం 3 నిమిషాలు, అంటే లోడింగ్ 4 నిమిషాలు. పోయి, డంప్ చేసి, మళ్లీ ఫేస్‌కు (షావెల్ తవ్వే చోటుకు) రావడానికి 20. మొత్తం 24ను 4తో భాగిస్తే 6 బండ్లు; షావెల్ ఖాళీ లేకుండా నడిస్తే గంటకు 15 ట్రిప్పులు. కానీ వస్తున్నవి 12.

ఇప్పుడే ఏడో బండి పెట్టకండి. ఆ 12 మూడు వేర్వేరు కారణాలతో రావచ్చు. ఒకదానికి బండి పెంచడమే మందు, ఇంకొకదానికి పెంచితే డీజిల్ దండగ.

మొదటిది, టైములు ఒకేలా లేకపోవడం. ఒక లోడు రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది, పెద్ద బండరాయి తగిలితే ఇంకోటి ఏడు పడుతుంది. కాసేపు నాలుగు బండ్లు వరుసలో ఉంటాయి, కాసేపు ఒక్కటీ ఉండదు. ఎదురుచూస్తూ పోయిన షావెల్ నిమిషాలు తర్వాత తిరిగి రావు. లోడింగ్ టైము ఎక్స్‌పొనెన్షియల్‌గా (ఎక్కువసార్లు చిన్నగా, అప్పుడప్పుడు చాలా పెద్దగా) మారుతుందనుకుంటే 6 బండ్లకు గంటకు 12.1 ట్రిప్పులే వస్తాయి. బండి ప్రతి ట్రిప్పుకు సగటున 5.7 నిమిషాలు క్యూలో ఉంటుంది, షావెల్ గంటలో పదకొండున్నర నిమిషాలు బండి లేక ఖాళీగా ఉంటుంది. నిజం ఫేస్ దగ్గర టైములు ఇంత ఘోరంగా మారవు కాబట్టి దీన్ని చివరి హద్దుగానే చూడండి.

రెండోది, షావెల్ ఆగిపోవడం. డోజర్ ఫేస్ శుభ్రం చేయడం, షావెల్ జరగడం, కేబుల్ మార్చడం లాంటివాటికి గంటకు 10 నిమిషాలు పోయినా, మిగతా టైములన్నీ కచ్చితంగా ఉన్నా 12.5 దాటదు. బండి సగటు క్యూ 4.8 నిమిషాలు.

మూడోది, ఆ 20 నిమిషాలు ఇప్పుడు 20 కాకపోవడం. రోడ్డు దిగబడి 26 అయితే సైకిల్ 30 నిమిషాలు, 6 బండ్లకు సరిగ్గా 12 ట్రిప్పులు. ఇక్కడ క్యూనే ఉండదు, షావెల్ మాత్రం గంటకు 12 నిమిషాలు బండి కోసం చూస్తుంది.

ఏడో బండి పెడితే మొదటి సందర్భంలో 13.2 అవుతుంది, మూడోదాంట్లో 14 అవుతుంది, రెండోదాంట్లో 12.5 దగ్గరే ఉంటుంది. మొదటి రెండింట్లో బండ్ల క్యూ దాదాపు సమానమే. అందుకే డ్రైవర్లు 'లైన్లో ఉంటున్నం' అన్న మాటతో తేలదు. షావెల్ వైపు చూడాలి: బండి లేక ఖాళీగా ఉందా, బండి ముందున్నా పని ఆగిందా? చాలా లాగ్‌షీట్లలో ఈ రెంటినీ 'ఐడిల్' అనే ఒకే గడిలో రాస్తారు. ఈ పనిని కంప్యూటర్ మోడల్‌లో నడిపి చూస్తే (సిమ్యులేషన్) లెక్క తప్పడానికి అదో పెద్ద కారణం. ముందు ఆ గడిని రెండు చేయండి.

కొలిచేటప్పుడు ప్రతి బండికి ఆరు టైములు రాయండి: క్యూ చివరకు వచ్చింది, స్పాటింగ్‌కు కదిలింది, మొదటి బకెట్ పడింది, హారన్ కొట్టి కదిలింది, డంప్ చేరింది, ఖాళీ చేసి కదిలింది. బకెట్లెన్నో కూడా రాయండి. కనీసం 100 లోడ్లు కావాలి, అందులో రాత్రి షిఫ్ట్‌వి తప్పనిసరి. జీపీఎస్ డేటాతో ఒక ప్రమాదముంది: ఫేస్ చుట్టూ గీసిన హద్దులోకి బండి రావడాన్ని 'లోడింగ్' అనుకుంటుంది, అందులో క్యూ కూడా కలిసిపోతుంది. దాన్ని అలాగే మోడల్‌కు ఇస్తే మోడల్ తన క్యూను మళ్లీ కలుపుతుంది, ఒకే నిరీక్షణ రెండుసార్లు లెక్కకొస్తుంది.

మోడల్‌కు పైథాన్‌లో సిమ్‌పై (SimPy) అనే సిమ్యులేషన్ లైబ్రరీ చాలు. షావెల్ ఒక రిసోర్స్ (బండ్లు వంతులవారీగా వాడుకునేది), కెపాసిటీ 1, అంటే ఒకసారి ఒకే బండి. ప్రతి టిప్పర్ ఒక ప్రాసెస్. రిసోర్స్‌ను ప్రయారిటీ రకంగా పెట్టి, డోజర్‌ను ఎక్కువ ప్రాధాన్యమున్న 'బండి'గా పంపండి. నిండుతున్న టిప్పర్ పూర్తయ్యాక అది ఫేస్ తీసుకుంటుంది, జరిగేదీ అదే. డంప్ దగ్గర ఒకే టిప్పింగ్ పాయింట్ ఉంటే అక్కడా ఒక రిసోర్స్ కావాలి. టైములకు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ వాడకండి, మైనస్ విలువలు రావచ్చు. మీరు కొలిచిన టైముల్లోంచే తీయండి, లేదా మైనస్‌లు రాని లాగ్‌నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పెట్టండి. హాల్ రోడ్డుపై ఓవర్‌టేక్ ఉండదు కాబట్టి చేరే టైమును ముందు బండి చేరిన టైము కంటే తగ్గనివ్వకండి. లేకపోతే నెమ్మది బండి వెనక గుంపు కట్టడం మోడల్‌లో కనిపించదు.

తర్వాత మోడల్‌ను పరీక్షించాలి. అన్ని టైములూ స్థిరంగా, డోజర్ లేకుండా చాలాసేపు నడిపితే 15 రావాలి. లోడింగ్ ఒక్కటే ఎక్స్‌పొనెన్షియల్ చేసి, ఓవర్‌టేక్ నిబంధన కాసేపు తీసేస్తే 12.1 దగ్గర ఆగాలి. ఈ రెండోదాని సమాధానం ఎక్సెల్‌లోనే దొరుకుతుంది: 20ని 4తో భాగిస్తే 5. మొదటి గడిలో (సున్నా బండ్లకు) 1 రాయండి, కింద ఒక్కో బండికి ఒక్కో గడి. ప్రతి కొత్త గడి = 5 × పై గడి ÷ (బండ్ల సంఖ్య + 5 × పై గడి). ఆరో బండి గడిలో 0.192 వస్తుంది, అది షావెల్ ఖాళీగా ఉండే వంతు, అంటే 19.2 శాతం. ఏడుకు 0.12, ఎనిమిదికి 0.07. ఈ రెండు పరీక్షలు దాటని మోడల్‌తో నిర్ణయం తీసుకోవద్దు.

ఒక్క రన్ చూసి నమ్మకండి. 8 గంటల షిఫ్ట్‌ను కనీసం 30 సార్లు నడపండి, 6 బండ్లకూ 7 బండ్లకూ అవే ర్యాండమ్ సీడ్లు (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే విలువలు) ఇవ్వండి. షిఫ్ట్ మొదట్లో బండ్లన్నీ ఒకేసారి ఫేస్‌కు చేరే గుంపును 'వార్మప్' (మోడల్ కుదురుకునే సమయం) పేరుతో తీసేయకండి, మన పనిలో అది రోజూ జరిగేదే. బ్లాస్టింగ్‌కు 500 మీటర్ల డేంజర్ జోన్ ఖాళీ చేసే సమయాన్నీ, ఆ తర్వాత అన్నీ కలిసి తిరిగొచ్చే గుంపునూ పెట్టండి.

మే నెలలో కొలిచిన టైములు జూలైకి పనికిరావు. వానలు పడ్డాక ఒక షిఫ్ట్ మళ్లీ కొలిచి, రానూపోనూ నిజంగా 26 దగ్గరుంటే అప్పుడు ఏడో బండి తెప్పించండి. ఆ లోపు డోజర్ పనిని బండ్లు తక్కువున్న టైముకు, టీ బ్రేక్‌కు మార్చి చూడండి, దానికి అద్దె కట్టాల్సిన పని లేదు.