ఏడు రవ్వల దుద్దులు కొనేముందు

చిరంజీవి పద్మకు మామయ్య ఆశీస్సులు.

చెవికి ఏడేసి వజ్రాలతో ఏడు రవ్వల దుద్దులు చేయించుకుంటానని రాశావు. కొట్లోకి వెళ్లి, బంగారం రేటు అడిగినట్టు “క్యారెట్ ఎంతండీ?” అని మాత్రం అడగకు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే 100 సెంట్లు. ఒక్క రాయే 100 సెంట్లు తూగితే దాని ధర వేరు. ఏడేసి సెంట్ల రాళ్లు పద్నాలుగు కలిపి 98 సెంట్లయితే, అదే నాణ్యతలో అంతకంటే చాలా తక్కువకే వస్తాయి, పెద్ద రాయి అరుదు కనుక. బిల్లులో మొత్తం బరువుతో పాటు ఒక్కో రాయి ఎన్ని సెంట్లో కూడా రాయించు.

రాళ్లను పొదగకముందే చూడాలి. పొదిగాక తూకం అంచనాయే అవుతుంది, బంగారం కింద పగులు దాగిపోతుంది, పసుపు ఛాయ బంగారంలో కలిసిపోతుంది.

వేలి జిడ్డు అంటితే రాయి మసకబారుతుంది, ముందు మెత్తని గుడ్డతో తుడిపించు. తెల్ల కాగితాన్ని మడిచి, ఆ మడతలో పద్నాలుగింటినీ బోర్లా వరుసగా పేర్చి పక్కనుంచి చూడు. ఒక్కటి పచ్చగా ఉన్నా ఇట్టే పట్టుబడుతుంది. కొట్లో లైట్ల కింద ప్రతి రాయీ ధగధగలాడుతుంది, అందుకే ఎండ నేరుగా పడని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లు. రంగును డి నుంచి జెడ్ దాకా లెక్కిస్తారు, డి అంటే రంగే లేనిది, జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు పెరుగుతుంది. దుద్దులకు జి, హెచ్ చాలు.

తర్వాత పదింతలు చూపే లూప్, అంటే చిన్న భూతద్దం. దాన్ని కంటికి దగ్గరగా పట్టి, మోచేతులు బల్లకు ఆన్చి, రాయిని అంగుళం దూరానికి తెచ్చుకో. లోపల చిన్న చుక్క ఉన్నా ఫర్వాలేదు గానీ అంచుదాకా పాకిన పగులు వద్దే వద్దు, పొదిగేటప్పుడు అక్కడే విరుగుతుంది. లోపలి మచ్చలు ఎంత తక్కువో చెప్పే మెట్లలో వీవీఎస్ పైది, వీఎస్ దాని కిందిది. వీవీఎస్ కోసం అదనంగా పోసే డబ్బు కంటికి కనబడని తేడాకే పోతుంది. వీఎస్ తీసుకుని, మిగిలింది మంచి కోత (కట్) ఉన్న రాళ్లకు పెట్టు. మెరుపంతా కోతలోనే ఉంది. ఏడు సెంట్ల గుండ్రటి రాయి సుమారు 2.7 మిల్లీమీటర్ల వెడల్పుండాలి. 2.5 దగ్గరే ఆగిపోతే బరువు అడుగున దాగిందన్నమాట, కనబడని బరువుకు నువ్వు డబ్బు కడుతున్నావు.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా వజ్రమే, ధర మాత్రం చాలా తక్కువ. కొట్లో ఉండే వేడి పరీక్ష పెన్ను రెంటికీ ఒకేలా కూస్తుంది. ఇంత చిన్న రాళ్లకు విడివిడిగా సర్టిఫికెట్లు సాధారణంగా ఇవ్వరు కాబట్టి, ల్యాబ్‌లో పరీక్ష చేయించి “సహజ వజ్రాలు” అని బిల్లులో రాయమను. హాల్‌మార్క్ బంగారానికే, రాళ్లకు కాదు.

తిరిగి ఇస్తే ఎంతకు తీసుకుంటారో, ఏ ధర మీద తగ్గిస్తారో కాగితం మీద రాయించుకో. తూకంలో రాళ్ల బరువు, 98 సెంట్లంటే 0.196 గ్రాము, తీసేశాకే బంగారం ధర, తరుగు లెక్కించారో లేదో అక్కడే కూడి చూసుకో.

మీ మామయ్య