ఊరికే రాసిపెడితే మా అమ్మాయికి ఏమొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి కడపలో ఎమ్మెస్సీ జియాలజీ రెండో సంవత్సరం. వాళ్ల మేడమ్ డిగ్రీ పిల్లల కోసం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే పాఠాలు తయారు చేస్తూ, కొంతమంది పీజీ విద్యార్థులను సాయం రమ్మన్నారు. డబ్బులేమీ ఇవ్వరు. పైగా ఉచితంగా పెడితే ఎవరైనా కాపీ కొడతారు కదా. దానికి బదులు హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్పిస్తే మేలా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: చెబుతాను. కానీ మీ దిగులు జీతం గురించి కాదు, మీ అమ్మాయి వెనకబడిపోతుందేమోనని. బంధువుల పిల్లలు బెంగళూరులో స్థిరపడిన ప్రతి ఇంటి నుంచీ నాకు ఈ ప్రశ్నే వస్తుంది. గేట్, నెట్ పరీక్షల సంగతులు ఆమెకు తెలిసినవే, వాటి జోలికి పోను.

డేటా సైన్స్ చెడ్డదని అనను. లెక్కల్లో, ప్రోగ్రామింగ్‌లో పట్టున్నవాళ్లకు మంచి దారే. మూడు నెలల్లో సర్టిఫికెట్, ఆపైన ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అనే చోట్ల మీదే నాకు నమ్మకం లేదు. అక్కణ్నుంచి వచ్చిన రెజ్యూమేలు చూడండి: టైటానిక్ ఓడలో ఎవరు బతికారో అంచనా వేసే ప్రాజెక్టు, అందరిదీ అదే. మీ అమ్మాయికి కంప్యూటర్ పని రావాలంటే క్యూజీఐఎస్ ఉంది. మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు, ఆమె సబ్జెక్టుకు అతికినట్టు సరిపోతుంది.

ఇంకోటి, కోపగించుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఏమంటుందో ఒక్క ముక్క రాయలేదు. ఫీజు మీరు కడతారు సరే, చదవాల్సింది ఎవరు?

ఇక పాఠాల పని. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన కోర్సులను అందరికీ ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించింది. మన ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు, ఎన్‌పీటీఈఎల్, 2003లో మొదలైంది. మంచి పాఠాలే, కానీ మన సున్నపురాయి, కడప బండ గురించి అక్కడ ఎవరు రాస్తారు? వంటింటి గట్టు మీద నిమ్మరసం ఒలికితే మచ్చ ఎందుకు పడుతుందో, ఆ రాయి పొరలుగా ఎందుకు చీలుతుందో జమ్మలమడుగు క్వారీలో ఫోటో తీసి, డిగ్రీ మొదటి ఏడాది పిల్లకు అర్థమయ్యేలా రెండు పేజీలు రాయమనండి. సున్నపురాయి పాఠం ఆమెకే కొత్తగా అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ‘ఏం చేశావు’ అంటే తెరిచి చూపించడానికి ఒక పని ఉంటుంది. దీనికి నెట్ పరీక్షలో మార్కులు కలపరు, అదీ చెబుతున్నా.

‘ఉచితంగా పెడితే ఎవరైనా కాపీ కొడతారు కదా’ అని కూడా రాశారు. వాడుకోవడానికే పెడతారండీ. ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ‘బీవై’ అని ఉంటే ఎవరు వాడుకున్నా రాసినవాళ్ల పేరు చెప్పి తీరాలి. ‘ఎన్‌డీ’ అని ఉంటే మాత్రం మార్చి పంచుకోకూడదు, అనువదించినా బయటపెట్టకూడదు. మన డిగ్రీ పిల్లలకు తెలుగులోకి తేవాలంటే అదే అడ్డం. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలు స్కాన్ చేసి అతికించడం అసలే కుదరదు.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. ఏ అధ్యాయం ఎవరు రాశారో పేరుతో వేస్తారా, వారానికి ఎన్ని గంటలు, పరీక్షల నెలలో సెలవు ఇస్తారా, ఇవి మేడమ్‌ను మొదటే అడిగి మెయిల్‌లో రాయించుకోమనండి. పిల్లల చేత రాయించి తన పేరొక్కటే వేసుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటిదైతే నేనే వద్దంటాను.

వారానికి నాలుగైదు గంటలకు మించకపోతే చదువుకు దెబ్బేమీ ఉండదు, టెన్షన్ పడకండి. హైదరాబాద్ కోర్సుకు ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, రసీదు వెనక వాపసు నిబంధన ఏముందో ఈరోజే చదవండి.